షికాగో విశ్వవిద్యాలయం వారి నిఘంటువులు: ‘కల్లు’ అనే మాటతో ఒక పరీక్ష

నిఘంటువు ఎంత గట్టిదో తెలుసుకోవడానికి అందులో పెద్ద పెద్ద సమాసాలు వెతికితే ప్రయోజనం తక్కువ. పొడవైన మాటకు సాధారణంగా ఒకే అర్థం ఉంటుంది కనుక దాన్ని ఏ నిఘంటువైనా చెప్పగలదు. రెండక్షరాల మాట ఒకటి ఇచ్చి, ఇరుగుపొరుగు భాషల్లో అది ఏమవుతుందో అడిగినప్పుడే దాని బలమూ బలహీనతా బయటపడతాయి. షికాగో విశ్వవిద్యాలయం వారు ‘డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ’ పేరుతో అంతర్జాలంలో అందరికీ అందుబాటులో ఉంచిన నిఘంటువుల సేవను నేను ‘కల్లు’ అనే మాటతో పరీక్షించాను. తెలంగాణ పల్లెలో కల్లు అంటే తాటిచెట్టు నుంచో ఈతచెట్టు నుంచో గీసి దించేది. బెంగళూరులో ఇదే ఉచ్చారణకు రాయి అని అర్థం. తమిళంలో ‘కల్’ అంటే రాయి కావచ్చు, గ్రాంథికమైన వాక్యంలో ‘నేర్చుకో’ అన్న ఆజ్ఞ కూడా కావచ్చు. ఢిల్లీలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడా. ఇన్ని అర్థాలున్న ఈ పొట్టి శబ్దం ఒకే మాటా, లేక వేర్వేరు మాటలు నడుస్తూ నడుస్తూ ఒకే శబ్దం దగ్గర కలిశాయా అన్న ప్రశ్నకు ఈ సేవ ఎంతవరకు సమాధానం ఇవ్వగలదన్నదే నా పరీక్ష.

సేవ స్వరూపం ముందు చెప్పాలి. డబ్బు కట్టనక్కరలేదు, పేరు నమోదు చేసుకోనక్కరలేదు, ప్రకటనల బెడద లేదు. తెలుగుకు సంబంధించి ఇందులో ప్రధానంగా రెండు పుస్తకాలున్నాయి. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును కందుకూరి వీరేశలింగం ప్రభృతులు సవరించగా 1903లో వెలువడిన కూర్పు ఒకటి, జె.పి.ఎల్. గ్విన్ జె. వెంకటేశ్వరశాస్త్రి సహాయంతో తయారుచేసి 1991లో ప్రచురించిన నిఘంటువు రెండవది. తమిళానికి మద్రాసు విశ్వవిద్యాలయం వారి బృహత్తర నిఘంటువు, మలయాళానికి 1872 నాటి గుండర్ట్ నిఘంటువు, మరాఠీకి మోల్స్‌వర్త్, ఉర్దూ–హిందీలకు 1884 నాటి ప్లాట్స్ ఉన్నాయి. (ఈ గుండర్ట్ జర్మన్ నవలాకారుడు హెర్మన్ హెస్సేకు తల్లి వైపు తాతగారు. తాత కేరళలో మాటలు ఏరుకుంటే మనవడు స్విట్జర్లాండులో కూర్చుని భారతదేశం మీద నవల రాశాడు.) వీటన్నిటికీ మించి, ఈ సేవకు ప్రాణం అనదగినవి రెండు తులనాత్మక నిఘంటువులు, అంటే ఒకే కుటుంబపు భాషల్లోని మాటలను పోల్చి చూపేవి. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు మాటల పుట్టుక చెప్పడానికి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ద్రావిడ భాషలకు, టర్నర్ కూర్చిన తులనాత్మక నిఘంటువు సంస్కృత కుటుంబ భాషలకు ఆధారాలు.

ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు మొదట 1961లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది, బాగా పెంచిన రెండవ కూర్పు 1984లో వచ్చింది. ఇప్పుడు తెరమీద కనిపించేది ఆ రెండవ కూర్పే. ఇందులో ఐదువేల ఐదువందలకు పైగా ఆరోపాలున్నాయి (ఆరోపం అంటే నిఘంటువులో ఒక మాట కింద ఇచ్చే పద్దు), ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ద్రావిడ భాషల మీద 2003లో వెలువరించిన ఇంగ్లీషు గ్రంథంలో కూడా మాట పక్కన ఈ సంఖ్యనే చూపించారు. భాషాశాస్త్రం చదివినవారి మధ్య ఈ సంఖ్యలు మాటలకు చిరునామాల్లా చెలామణీ అవుతాయి. ఒక్కొక్క ఆరోపంలో తమిళంతో మొదలుపెట్టి మలయాళం, కోత, తొద, కన్నడం, కొడగు, తుళు, తెలుగు, ఆ తరువాత కోలామీ, గోండీ, కొండ, కువి వంటి మధ్య భారత భాషలు, చివరికి కురుఖ్, మాల్తో, బ్రాహుయీ వరుసగా వస్తాయి. ఏ భాషలో మాట దొరకలేదో ఆ భాష పేరు కనిపించదు.

మన మాటకు వద్దాం. 1298వ ఆరోపంలో రాయి అనే అర్థం ఉంది. తమిళ ‘కల్’, మలయాళ ‘కల్లు’, కన్నడ ‘కల్లు’ ఒకే వరుసలో నిలబడతాయి. ఆ వరుస చివర బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీ భాషలోని ‘ఖల్’ కనిపించినప్పుడు ఎంత అలవాటుపడిన పాఠకుడికైనా ఒక క్షణం చూపు ఆగుతుంది. అకారానికి ముందున్న కకారం ఆ భాషలో గొంతు లోపల రాపిడితో పలికే ఖకారంలా మారింది. కన్ను అనే అర్థం ఉన్న 1159వ ఆరోపం తెరిస్తే అక్కడ బ్రాహుయీలో ‘ఖన్’, జార్ఖండ్ ప్రాంతపు కురుఖ్‌లో ‘ఖన్న్’ కనిపించి ఆ మార్పు యాదృచ్ఛికం కాదని రుజువు చేస్తాయి. ఒక మాటను చూసి ఊరుకోక, అదే మార్పు మరొక మాటలోనూ ఉందేమో పాఠకుడు స్వయంగా సరిచూసుకునే వీలు ఇవ్వడం ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

తెలుగువాళ్ళం రాతికి రాయి అనే అంటాం కనుక ఈ ఆరోపంతో మనకు సంబంధం లేదనుకోవడం పొరపాటు. పెళ్ళిలో వధువు చేత తొక్కించే సన్నికల్లులో ఉన్నది రాతి కల్లే. ‘ఒక్క ఉప్పుకల్లు వెయ్యి’ అని వంటింట్లో అనేటప్పుడు ఉన్నదీ అదే. ఓరుగల్లు అనే పేరును పండితులు ఏకశిలానగరమని సంస్కృతీకరించినప్పుడు ‘కల్లు’ను శిలగా సరిగ్గానే అర్థం చేసుకున్నారు. తమిళనాట నామక్కల్, దిండుక్కల్ పేర్ల చివర ఉన్నదీ ఈ మాటే. రోజువారీ మాటల్లో రాయి దీన్ని పక్కకు నెట్టినా, సమాసాల్లోనూ ఊరిపేర్లలోనూ ఇది గట్టిగా నిలిచే ఉంది.

ఇక తాగే కల్లు 1374వ ఆరోపంలో ఉంది. అది రాతికి దూరంగా వేరే చోట ఉండటానికి కారణం, ఆ ఆరోపంలో రోమను లిపి ఎల్ అక్షరం కింద ళకారానికి గుర్తుగా కనిపించే చిన్న చుక్క. తమిళంలో రాయి ‘కల్’, తాటికల్లు ‘కళ్’. మలయాళంలో రాయి ‘కల్లు’, కల్లు ‘కళ్ళు’. కన్నడంలోనూ కల్లు, కళ్ళు అనే భేదమే ఉంది. అంటే మూడు భాషలవాళ్ళూ లకార ళకారాలతో ఈ రెండు వస్తువులనూ విడదీసుకున్నారు. తెలుగు మాత్రం పాత ళకారాన్ని చాలాచోట్ల లకారంగా మార్చుకుంది. తమిళంలో పులి అంటే జంతువు, పుళి అంటే చింతపండు, పులుపు. తెలుగులో పులిలోనూ పులుసులోనూ ఉన్నది ఒకే లకారం. తమిళ ‘ముళ్’ మనకు ముల్లు అయినట్లే, ‘కళ్’ మనకు కల్లు అయింది. రాతి కల్లూ తాగే కల్లూ తెలుగులో ఒకే శబ్దంగా మారడానికి మూలకారణం ఇదే. రాతిని సూచించడానికి ‘ఱాయి’ అనే వేరే మాట ఎలాగూ చేతిలో ఉంది కనుక వ్యవహారంలో గందరగోళం రాలేదు.

పోగొట్టుకున్న ళకారాన్ని తెలుగు మరో దారిలో తిరిగి తెచ్చుకుంది. కన్నుకు బహువచనం కన్నులు, దాని నుంచి కండ్లు, కోస్తాలో ఆ కండ్లే కళ్ళు అయ్యాయి. తెలంగాణలో ఇప్పటికీ కండ్లు, పండ్లు అనే వినిపిస్తాయి. ఫలితంగా కేరళలో ‘కళ్ళు షాపు’ అన్న మాట కొత్తగా విన్న కోస్తా తెలుగువాడికి అది కళ్ళజోళ్ళ దుకాణమేమో అనిపిస్తే ఆశ్చర్యం లేదు. కన్నడిగుడు తెలుగు ఊళ్ళో ‘కల్లు తాగుతారా’ అన్న ప్రశ్న వింటే అతని పరిస్థితీ అంతే. ఈ చిక్కుముడి మొత్తం ఒక చుక్క ఉండటం, లేకపోవడం మీద ఆధారపడి ఉంది. ఆ చుక్కను గౌరవించి రెండు ఆరోపాలనూ వేరుగా నిలబెట్టినందుకే ఈ నిఘంటువు నమ్మదగినది అంటున్నాను. మాటకు బదులు మాట చెప్పి ఊరుకునే అనువాద యంత్రాలు ఇలాంటి చోట ఒక అర్థాన్ని ఎంచుకుని మిగతావాటిని మింగేస్తాయి. అవి చేసే పని వేరు కనుక వాటిని తప్పుపట్టను గాని, ఈ పనికి అవి పనికిరావు.

పక్కపక్క ఆరోపాలను కూడా తిరగేయడం మంచిది, ఎందుకంటే అసలైన లాభం అక్కడ ఉంది. రాతికి ముందున్న 1297వ ఆరోపంలో తమిళ ‘కల్’, నేర్చుకొనడం అనే అర్థంలో ఉంది. దానికి తెలుగు చుట్టం ‘కఱచు’. విద్య కఱచుట అంటే విద్య నేర్చుకొనుట. కుక్క చేసే పని కూడా మన కావ్యభాషలో కఱచుటే కావడం వల్ల శిష్యుడికీ కుక్కకూ ఒకే క్రియ దక్కింది, అయితే వ్యుత్పత్తి దృష్ట్యా ఆ రెండూ వేరు. తాటికల్లుకు ముందున్న 1372లో దొంగిలించడం అనే అర్థం గల ‘కళ్’ ఉంది. తమిళ, మలయాళాల్లో దొంగను కళ్ళన్ అనీ, కన్నడంలో కళ్ళ అనీ అంటారు. మన ‘కల్ల’, అంటే అబద్ధం, ఈ కుటుంబంలోదే. కల్లలాడేవాడు మనకు అబద్ధాలకోరు, కన్నడంలో కళ్ళ అసలు దొంగ. దొంగతనం, బొంకు రెండూ దాచిపెట్టే పనులే కాబట్టి అర్థం ఇటు జరిగిందని ఊహించడం కష్టం కాదు. ధాన్యం నూర్చే కళ్లం కూడా ఈ చుట్టుపక్కలే ఉంటుంది.

దొంగతనం, చదువు, తాగే కల్లు అనే ఈ మూడు మాటలూ తమిళులకు ఎంత వేరో వారి ప్రాచీన నీతిగ్రంథం తిరుక్కుఱళ్ అధ్యాయాల పేర్లు చూస్తే తెలుస్తుంది. 29వది దొంగిలించకుండటం గురించి, 40వది కల్వి, అంటే చదువు గురించి, 93వది కల్లు తాగకుండటం గురించి. మూడు పేర్లూ క, ల లేదా ళ తోనే మొదలవుతాయి. ఈ సేవలో ఉన్న తమిళ బృహన్నిఘంటువు ఆ మాటల ప్రయోగాలకు ప్రాచీన గ్రంథాల ఆధారాలు సంక్షేపంగా ఇస్తుంది. అర్థం మాత్రమే కాక, ఎవరు ఎక్కడ వాడారో చెప్పే ఈ పద్ధతిలో తమిళ నిఘంటువు మన బ్రౌన్‌ను దాటిపోయిందని ఒప్పుకోవాలి.

హిందీ ‘కల్’ కోసం ద్రావిడ నిఘంటువును వదిలి టర్నర్‌ను తెరవాలి. నేను రెంటినీ విడివిడిగానే తెరిచాను. కొత్తవాళ్ళకు కూడా అదే మేలు, ఎందుకంటే ఏ మాట ఏ కుటుంబానిదో అన్న స్పృహ తప్పకుండా ఉంటుంది. హిందీ ‘కల్’కు మూలం సంస్కృత ‘కల్య’, దానికి తెల్లవారుజాము, రేపు అన్న అర్థాలున్నాయి. తెల్లవారుజాము అన్నది ఈ రోజుకు అటూ ఇటూ ఉండగలదు కనుక, ఆ మాట నిన్నకూ రేపుకూ రెండింటికీ సరిపోయింది. గుజరాతీలో ‘కాల్’ కూడా రెండింటికీ చెల్లుతుంది, మరాఠీలో మాత్రం ‘కాల్’ అంటే నిన్న ఒక్కటే, రేపటికి ‘ఉద్యా’ అనే మాట ఉంది. ఇక హైదరాబాదు దక్కనీలో ‘పర్‌సోఁ’ అంటే మొన్న మాత్రమే కాదు, గడిచిన ఏ రోజైనా కావచ్చునని ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. ప్లాట్స్‌లో ఉన్న ‘కల్’లు ఇంతటితో ఆగవు: నెమ్మది, సుఖం అనే అర్థంలో ఒకటి, యంత్రం అనే అర్థంలో ఇంకొకటి వేరు ఆరోపాలుగా ఉన్నాయి. కారఖానాలను ‘కల్-కార్‌ఖానే’ అన్నప్పుడు ఉన్నది ఆ యంత్రమే. మరాఠీలో ‘కళ్’ అంటే శరీరంలో సర్రున వచ్చే నొప్పి, మీట కూడా. కంప్యూటరు కీబోర్డును వాళ్ళు ‘కళ్‌ఫలక్’ అంటారు. సంస్కృత ‘కల’ మధురమైన అవ్యక్త ధ్వని, మన కలకంఠి, కలహంసల్లో ఉన్నది అది. నిద్రలో వచ్చే తెలుగు కలకు దీనితో పొత్తు లేదు, ఆ కల తమిళ ‘కనవు’, కన్నడ ‘కనసు’లతో ఒకే ఆరోపంలో కూర్చుంటుంది.

ఇక్కడ నా ప్రశ్నకు సమాధానం దొరికింది. కల్, కల్లు అనే శబ్దం కింద కనీసం ఆరేడు వేరు మాటలున్నాయి. వాటిలో కొన్ని తెలుగు లోపల ధ్వనిమార్పు వల్ల కలిసినవి, కొన్ని రెండు భాషా కుటుంబాల మధ్య కేవలం కాకతాళీయంగా కలిసినవి. ఏది ఏ రకమో తేల్చుకునే సామగ్రి ఒకేచోట, అదీ ఉచితంగా, ఇంతగా మరెక్కడా నాకు దొరకలేదు.

ఇప్పుడు లోపాలు. వివరణలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ద్రావిడ నిఘంటువులో మాటలు కూడా తెలుగు లిపిలో ఉండవు, రోమను లిపిలో గీతలు, చుక్కలతో ఉంటాయి. బ్రౌన్ నిఘంటువులో ఆరోపాలు తెలుగు అక్షరాల్లోనే మొదలవుతాయి కనుక అక్కడ ఇబ్బంది తక్కువ. భాషల పేర్లన్నీ రెండు మూడు అక్షరాల సంక్షేపాలు. ‘పె.’ అంటే పెంగో అనే ద్రావిడ భాష అనీ, ‘మా.’ అంటే మలయాళమనీ, మాల్తో కాదనీ అలవాటయ్యేదాకా సంక్షేపాల పట్టిక పక్కన పెట్టుకోవలసిందే. తమిళ అకారాది క్రమంలో ఆరోపాలు అమర్చిన కారణంగా గ, జ, డ, ద, బలతో మొదలయ్యే తెలుగు మాటలను క, చ, ట, త, పల కింద వెతకాలని తెలియనివాడు ముందుగా కొంత తికమకపడతాడు. ఉచ్చారణ వినిపించే ఏర్పాటు లేదు. లకార ళకారాల భేదం మీద ఇంత ఆధారపడే విషయంలో అది చెప్పుకోదగిన లోటే.

మరొక లోటు పుస్తకాల వయసు వల్ల వచ్చింది. బ్రౌన్ కడప, మచిలీపట్నం, రాజమండ్రి వంటి మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో ఉద్యోగం చేసినవాడు, నిజాం రాజ్యంలోని వాడుక అతని చెవిన పడ్డది తక్కువ. కల్లు విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్లు కనబడుతుంది. గీతవృత్తి ఈనాటికీ ప్రధానంగా ఉన్న తెలంగాణలో మోకు, ముస్తాదు, లొట్టి అనే పనిముట్ల పేర్లే కాక, చెట్టును బట్టీ కాలాన్ని బట్టీ పోద్దాటి కల్లు, పరుపుతాటి కల్లు, పండుతాటి కల్లు అనే విభాగాలు కూడా ఉన్నాయి. ఏ జిల్లాలో ఏ వృత్తివారు ఏ మాట వాడతారో చెప్పే సమాచారాన్ని ఈ సేవ నుంచి ఆశించకూడదు. అలాంటి పనికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మొదలుపెట్టిన మాండలిక వృత్తిపదకోశమే దిక్కు. ఆ పద్ధతికి ఆద్యుడైన భద్రిరాజు కృష్ణమూర్తిగారే ద్రావిడ వ్యుత్పత్తి పరిశోధనలోనూ ఉద్దండుడు కావడం వల్ల, ఈ రెండు రకాల పుస్తకాలూ ఒకదాని లోటును మరొకటి తీర్చేవిగా ఉన్నాయి.

తెలుగు వివరణలే కావాలనుకునేవారు ‘ఆంధ్రభారతి’ వెబ్‌సైటులోని నిఘంటు శోధనను దీని పక్కన తెరిచి పెట్టుకోవాలని నా సలహా. 1885 నాటి శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ మొదలైనవన్నీ అక్కడ ఒకే వెతుకులాటలో, తెలుగు లిపిలో వస్తాయి. తెలుగు కావ్యం చదువుతూ అర్థం కావలసినవారికి షికాగో కన్నా ఆంధ్రభారతే మేలు. తెలుగు మాట గడప దాటి పక్కింటికి వెళ్ళి ఏమైందో తెలుసుకోవాలంటే మాత్రం షికాగో తలుపే తట్టాలి. చెన్నైలోనో బెంగళూరులోనో పెరిగి, ఇంట్లో తెలుగు, బయట మరో భాష మాట్లాడే పిల్లలకు ఇది ముఖ్యంగా ఉపయోగపడుతుంది. రెండు భాషల్లోనూ వినిపించే ఒకే శబ్దానికి ఎందుకు వేర్వేరు అర్థాలున్నాయని వాళ్ళు అడిగే ప్రశ్నలకు పెద్దలు ‘అదంతే’ అని తేల్చేయకుండా చూపించడానికి ఒక చోటు దొరుకుతుంది.

ఐదు మార్కులకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ పాండిత్యానికి సంబంధించినది కాదు, తెలుగు లిపిలో వెతికే వీలూ తెలుగులో ఒక చిన్న వాడుక సూచనా ద్రావిడ నిఘంటువు ముందు లేకపోవడానికి మాత్రమే. కొత్తగా మొదలుపెట్టేవారు పెద్ద మాటల జోలికి పోకుండా పాలు, ఊరు, ముల్లు, నీరు వంటి పొట్టి మాటలతో ఆరంభించి, ప్రతి ఆరోపానికీ ముందున్న రెండూ తరువాతి రెండూ తప్పక చదవాలి.